మాత్రలు మింగుతున్నా బీపీ దిగటం లేదా? డోసు పెంచమనే ముందు ఇవి చూసుకోండి

మా అత్తయ్యగారి బీపీ ఆరు నెలల పాటు 160 దగ్గరే తచ్చాడింది. ఒక మాత్ర రెండయింది, రెండు మూడయ్యాయి. ఆవకాయ జాడీ అటకెక్కింది. మాది చెన్నైలో టీ నగర్, పానగల్ పార్కు పక్క వీధే కాబట్టి ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి నాలుగు రౌండ్లు కొట్టొచ్చేవారు కూడా. అయినా మెషీన్ పెడితే 164, 158, 166. చివరికి కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రంలో ఒక నర్సమ్మ బీపీ చూసి, "వేరే ఏదావదు మాత్తిరై సాప్పిడ్రీంగళా పాట్టీ?" అని తమిళంలో అడిగింది. వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని. అత్తయ్యగారు ఠక్కున లేదనేశారు. ఆ సాయంత్రం చారు పోపుకి మెంతులు తీస్తుంటే, పోపుల డబ్బాలో మెంతుల గిన్నె కింద ఒక స్ట్రిప్పు కనపడింది. డైక్లోఫెనాక్. పది మాత్రల్లో మూడే మిగిలాయి.

"అది బీపీ మాత్ర కాదుగా, మోకాళ్ల నొప్పి మాత్రేగా" అన్నారు. వాకింగ్‌కి మోకాళ్లు సహకరించటం లేదని, మెడికల్ షాపులో చీటీ లేకుండానే కొనుక్కుని, రోజుకొకటి మూడు నెలలుగా వేసుకుంటున్నారట. అంటే బీపీ తగ్గటానికి నడక, ఆ నడకకి నొప్పి మాత్ర, ఆ నొప్పి మాత్ర వల్ల బీపీ. డాక్టరు అది ఆపించాక నెలరోజుల్లో 148కి వచ్చింది. మిగతా పదిహేను పాయింట్లు దించటానికి ఇంకో మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నదే ఇదంతా. నేను డాక్టర్ని కాదు, ఇంట్లో ముగ్గురు బీపీ మనుషుల్ని చూసుకుంటున్న కోడల్ని. మందు మార్చటం, ఆపటం లాంటివి మీ డాక్టరు చెప్పాల్సిందే, ఆయన దగ్గరికి వెళ్లే ముందు ఇంట్లో మనం వెతుక్కోవాల్సినవి మాత్రమే నేను చెప్తాను.

ముందు ఇల్లు వెతకండి

నిజంగానే. పోపుల డబ్బా, బీరువా, దిండు కింద, హ్యాండ్‌బ్యాగు, స్కూటర్ డిక్కీ. బీపీ మాత్రలు కానివన్నీ ఒకచోట పోయండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రాక్సెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి, పైగా మీరు వేసుకునే బీపీ మందుల్ని సరిగ్గా పనిచేయనివ్వవు. అంతకన్నా భయపడాల్సిన సంగతి ఇంకోటుంది. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి మాత్ర, దానితో పాటు మూత్రం ఎక్కువ పోయే మాత్ర, ఈ రెండిటి మీద నొప్పి మాత్ర కూడా కలిస్తే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మా అత్తయ్యగారు మూడు నెలలు సరిగ్గా ఆ మూడూ కలిపే మింగారు. క్రియాటినిన్ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా నాకు నిద్ర లేదు, దేవుడి దయవల్ల బాగానే ఉంది. ఇప్పుడు మోకాళ్లకి పైపూత జెల్లు, తొడ కండరాలకి కుర్చీలో కూర్చుని చేసే ఎక్సర్‌సైజు, మరీ భరించలేని రోజు ఒక పారాసెటమాల్. పారాసెటమాల్‌ని కూడా రోజూ నాలుగేసి గ్రాములు వేసుకుంటే బీపీ కొంచెం పెరుగుతుందని తేలింది, కాబట్టి అదేం చాక్లెట్ కాదు. నీళ్లలో వేస్తే బుస్సుమని పొంగే మాత్రల్లో అయితే సోడియం కూడా బోలెడు ఉంటుంది.

తర్వాత జలుబు మాత్రలు. ముక్కు దిబ్బడ విప్పే ఫినైలెఫ్రిన్, సూడోఎఫిడ్రిన్ రక్తనాళాల్ని బిగిస్తాయి. మెడికల్ షాపులో "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అంటే చేతిలో పెట్టేవాటిలో చాలావాటిలో ఇవి ఉంటాయి. నాకు బీపీ ఉంది అని ముందే చెప్పండి. స్టిరాయిడ్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు, జిమ్ముకి ముందు కుర్రాళ్లు తాగే పొడులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

చెన్నైలో ఉన్నాం కాబట్టి ఇంకోటి చెప్పాలి, అతిమధురం. మార్గళి, అంటే మన ధనుర్మాసం, వచ్చిందంటే సంగీత సభల్లో పాడేవాళ్లూ, పాడాలని ఆశపడేవాళ్లూ, చలిగాలికి గొంతు పట్టేసిన మాలాంటి వాళ్లూ అందరం ఆ వేరుముక్క బుగ్గన పెట్టుకుంటాం. ఎప్పుడో ఒకరోజు పర్వాలేదు కానీ, వారాల తరబడి రోజూ నమిలితే అది ఒంట్లో పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. "ఆయుర్వేదమేగా, ఏం చేస్తుంది" అనే మాట దగ్గర మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి.

మెషీన్ చెప్పేది నిజమేనా?

మా ఇంట్లో బీపీ చూసుకునే పద్ధతి ఇలా ఉండేది. అత్తయ్యగారు రెండంతస్తుల మెట్లెక్కి వచ్చి, మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, జాకెట్ చేతుల మీదుగానే పట్టీ చుట్టించుకుని, అది బిగుస్తుండగా పక్కింటివాళ్ల అమ్మాయి పెళ్లిచూపుల కథ చెప్పేవారు. ఆ కథ కొత్త మలుపు తిరిగినప్పుడల్లా అంకె పెరిగేది.

అందులో ఒక్కోదానికి ఒక్కో లెక్క ఉంది. మాట్లాడితే పది పాయింట్ల దాకా పెరగొచ్చు. మూత్రం ఆపుకుని కూర్చుంటే అంతే. చెయ్యి ఒళ్లో ఉంటే నాలుగు, పక్కకి వేలాడితే ఆరేడు ఎక్కువ చూపిస్తుంది. చెయ్యి లావుగా ఉన్నవాళ్లకి చిన్న పట్టీ చుడితే ఇరవై దాకా తప్పొచ్చినా ఆశ్చర్యం లేదు, ఇది చాలామంది అసలు పట్టించుకోరు. మెషీన్‌తో వచ్చిన పట్టీ మీద ఎంత చుట్టుకొలతకి సరిపోతుందో రాసి ఉంటుంది, టైలర్ టేపు తీసుకుని మోచేతికి పైన ఒకసారి కొలుచుకోండి, సరిపోకపోతే పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది. మణికట్టుకి పెట్టే మెషీన్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటి జోలికి పోకండి.

సరైన పద్ధతి ఇదీ. కాఫీ, సిగరెట్ అయి అరగంట దాటాలి, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనేలా కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టి, ఐదు నిమిషాలు ఊరికే ఉండాలి. ఫోను కూడా చూడకూడదు. తర్వాత ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. పొద్దున మాత్రకీ టిఫినుకీ ముందు ఒకసారి, రాత్రి ఒకసారి, ఇలా ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తే అదీ మీ అసలు బీపీ. ఆస్పత్రిలో 140/90ని గీతగా పెట్టుకుంటే, ఇంట్లో చూసుకున్నప్పుడు ఆ గీత 135/85. మీకు ఎంతకి దించాలన్నది వయసుని బట్టి, షుగర్, కిడ్నీ లాంటి మిగతా జబ్బుల్ని బట్టి డాక్టరే చెప్తారు. చాలామందికి ఇప్పుడు 130/80 లోపు ఉండాలంటున్నారు.

బాగా వచ్చిన అంకెలే రాసుకోవటం, ఎక్కువొస్తే "మెషీన్ సరిగ్గా లేదు" అని ఇంకోసారి నొక్కటం మా మావగారి పద్ధతి. అది ఎవర్ని మోసం చెయ్యటానికో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకో రకం వాళ్లుంటారు, రోజుకి పదిసార్లు చూసుకునేవాళ్లు, వాళ్లకి చూసుకోవటం వల్లే టెన్షన్ వచ్చి పెరుగుతుంది. ఒక వారం చూసి, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం చూస్తే చాలు. మెషీన్‌ని ఒకసారి ఆస్పత్రికి తీసుకెళ్లి, అక్కడి దానితో పోల్చుకోండి. డాక్టరు ముందు కూర్చుంటేనే పెరిగేవాళ్లున్నారు, అక్కడ నార్మల్‌గా ఉండి ఇంట్లో పెరిగేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోవాళ్లది ఎవరి కంటా పడదు కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం.

వేసుకుంటున్నారు సరే, రోజూ వేసుకుంటున్నారా?

ఈ ప్రశ్న ఎవర్నడిగినా కోపం వస్తుంది. అందుకని అడగొద్దు, లెక్కపెట్టండి. నెల మొదట్లో ఎన్ని మాత్రలున్నాయి, ఇప్పుడు ఎన్నున్నాయి. మావగారి స్ట్రిప్పుల్లో నెలకి తొమ్మిది మిగిలాయి.

కారణాలు అడిగితే ఒక్కోటీ సబబుగానే ఉంది. నెల్లూరు బస్సెక్కే రోజు మూత్రం మాత్ర వేసుకుంటే దారిలో ఇబ్బంది కదా అని మానేశారు. శనివారం ఉపవాసం కాబట్టి మాత్ర కూడా ఉపవాసమే. బీపీ 128 వచ్చింది కాబట్టి తగ్గిపోయిందనుకుని నాలుగు రోజులు ఆపారు, ఆ 128 మాత్ర వల్లే వచ్చిందని చెప్పటానికి నాకు గంట పట్టింది. ఇలాంటివి దాచుకోకుండా డాక్టరుకి చెప్తే చాలావాటికి దారి ఉంటుంది. ఎమ్లోడిపిన్ వల్ల పాదాలు వాచొచ్చు, ఎనలాప్రిల్, రామిప్రిల్ వల్ల కొంతమందికి పొడిదగ్గు పట్టుకుని వదలదు, ఈ రెండిటికీ మందు మార్చే వీలుంది. దగ్గు వస్తోందని మీరే మాత్ర మానేసి, దగ్గుకి సిరప్ తాగుతూ కూర్చుంటే ఎవరికీ తెలియదు. కొన్ని మందులు, ముఖ్యంగా క్లోనిడిన్, ఎటెనొలాల్ లాంటివి, ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగదన్నుతుంది.

పొద్దున వేసుకోవాలా, రాత్రా అని పెద్ద చర్చ నడుస్తుంటుంది. బ్రిటన్‌లో 21 వేల మంది మీద ఏళ్ల తరబడి చూసి 2022లో చెప్పిందేమిటంటే, గుండెపోటు, పక్షవాతం విషయంలో రెండిటికీ తేడా ఏమీ లేదని. మర్చిపోకుండా వేసుకోగలిగే టైమే మంచి టైము. మా ఇంట్లో కాఫీ ఫిల్టరు పక్కనే పెట్టాం, ఈ ఇంట్లో పొద్దున్నే మర్చిపోకుండా జరిగే పని అదొక్కటే కాబట్టి.

డబ్బు వల్ల మానేసేవాళ్లుంటే చెన్నైలో దారులున్నాయి. కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ మందులు ఉచితం. 2021 ఆగస్టులో మొదలైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు, కదల్లేని పెద్దవాళ్లకి అది పెద్ద ఉపకారం. జన ఔషధి షాపులున్నాయి, 2025 ఫిబ్రవరిలో తెరిచిన 'ముదల్వర్ మరుందగం' అనే చవక మందుల షాపులున్నాయి. మందు పేరు తమిళంలో చెప్పటం రాకపోతే పాత స్ట్రిప్పు చూపించండి, కంపెనీ పేరు మారినా కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరూ మిల్లీగ్రాములూ అవేనా అని మాత్రం సరిచూసుకోండి. మావగారు ఒకసారి రెండు కంపెనీల టెల్మిసార్టాన్‌ని రెండు వేర్వేరు మందులనుకుని రెండూ వేసుకున్నారు.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

"మేం ఉప్పు తక్కువే తింటాం" అని ప్రతి ఇంట్లోనూ అంటారు. మేమూ అనేవాళ్లం. ఒక లెక్క చెప్తాను, ఇంట్లోనే చేసి చూడండి. మనిషికి రోజుకి ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, అంటే ఒక చిన్న చెంచా. నలుగురున్న ఇంట్లో రోజుకి 20 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయండి. మాది 24 రోజులకే అయిపోయింది. గిన్నెలకి అంటుకున్నదీ, నీళ్లలో పోయిందీ కొంత తీసేసినా లెక్కకి దాదాపు రెట్టింపు. ఇందులో హోటల్ సాంబారు, బేకరీ సరుకు, పైనుంచి తెచ్చుకున్న మురుకులు, మిక్చరు ఇంకా కలపలేదు.

ఆవకాయ జాడీ అటకెక్కించి మేమేదో త్యాగం చేశామనుకున్నాం, కానీ మిగతావన్నీ కిందే ఉన్నాయి. అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు, కందిపొడి, ఎండుచేపలు, అన్నిటికన్నా ఎక్కువగా పెరుగన్నంలో చివర్న చిటికెడు అని వేసుకునే ఉప్పు. ఆ చిటికెడు ఒకసారి వంటింటి త్రాసులో తూచాను, గ్రామున్నర ఉంది. మావగారి చిటికెడు పెద్దది.

ఒక్కరోజులో చప్పిడి చేసేస్తే ఇంట్లో యుద్ధమే. నేను వారానికి కొంచెం చొప్పున తగ్గించాను, మాటైనా చెప్పకుండా. పప్పులో చింతకాయో మామిడికాయో పడితే, చారులో మిరియాలు దండిగా ఉంటే, కూర మీద నిమ్మకాయ పిండితే ఉప్పు తక్కువైన సంగతి నాలుకకి అంతగా తెలియదు. నెలన్నరకి నాలుకే అలవాటు పడుతుంది, ఇప్పుడు పెళ్లి భోజనం తింటే మా అందరికీ ఉప్పగా అనిపిస్తోంది. పచ్చడి మానక్కర్లేదు గానీ అన్నంలో కలుపుకోకుండా నంజుకోండి. ఆంధ్రావాళ్లకి ఆ తేడా ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు అని ఖరీదు పెట్టి కొంటున్నవాళ్లకి ఒక మాట, అందులో ఉన్నదీ దాదాపుగా సోడియం క్లోరైడే. నిజంగా పనిచేసేది పొటాషియం కలిపిన లో సోడియం ఉప్పు. చైనాలో పల్లెటూళ్లలో పావువంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడించి చూస్తే పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటివి వేసుకునేవాళ్లూ డాక్టర్ని అడగకుండా వాడకూడదు, రక్తంలో పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కొబ్బరి బొండాలు వరసగా తాగే విషయంలో కూడా వీళ్లకి ఇదే జాగ్రత్త.

చెన్నై ఎండ గురించి కూడా చెప్పాలి. మే నెలలో కత్తిరి వెయిల్ అని ఇక్కడివాళ్లనే మండుటెండల రోజుల్లో చాలామందికి బీపీ దానంతటదే కొంత దిగుతుంది, డిసెంబరులో మళ్లీ పెరుగుతుంది. మూత్రం మాత్ర వేసుకునేవాళ్లు ఎండలో చెమటలు కారి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతుంటే, పడుకుని ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి రాసుకుని డాక్టరుకి చెప్పండి, డోసు తగ్గించాల్సి రావచ్చు. అంతేగానీ "ఎండకి మంచిది" అని రోజుకి నాలుగు గ్లాసుల ఉప్పు మజ్జిగ తాగటం దానికి మందు కాదు.

మిగతావి

గురక. మా ఆయన గురకకి పిల్లలు ఆ గదిలో పడుకోరు, అది ఇంట్లో జోకు. పొద్దున తలనొప్పి, పగలు ఓఎంఆర్ రోడ్డు ట్రాఫిక్‌లో సిగ్నల్ దగ్గర కూడా కునుకు, రాత్రి మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, ఇవన్నీ కలిస్తే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, అదుంటే బీపీ మాత్రలు ఎన్ని వేసినా సరిగ్గా లొంగదు. నిద్ర పరీక్షలో అదే అని తేలి, రాత్రి పెట్టుకునే మెషీన్ మొదలయ్యాక ఆయన బీపీ కొంత మెరుగైంది. పిల్లలు ఇంకా ఆ గదికి రారు, అది వేరే సంగతి.

బరువు కిలో తగ్గితే బీపీ సుమారు ఒక పాయింటు తగ్గుతుంది. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, అది మెరీనా అయినా, మైలాపూరులో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు పెట్టిన పార్కయినా సరే. మద్యం రోజూ పుచ్చుకునేవాళ్లకి అది తగ్గిస్తే బీపీ తగ్గటం కొన్ని వారాల్లోనే కనపడుతుంది. పొగాకు సంగతి అందరికీ తెలిసిందే. టెన్షన్ మాత్రం, నా ఉద్దేశంలో, మనం దాని మీద తోసేసినంత నేరం చెయ్యలేదు. "ఆఫీసు టెన్షన్ వల్లే" అన్న ప్రతివాళ్ల స్ట్రిప్పూ లెక్కపెడితే మాత్రలు మిగిలే ఉన్నాయి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు, ఏం పట్టుకెళ్లాలి

180/120 దాటి, దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట ముద్దగా రావటం, ఒక పక్క చెయ్యో కాలో పడిపోవటం, చూపు మసకబారటం, వీటిలో ఏదున్నా 108కి ఫోన్ చెయ్యండి. అసలు ఈ లక్షణాలు వస్తే మెషీన్ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. లక్షణాలేమీ లేకుండా అంకె మాత్రమే అంత ఉంటే, కాసేపు కదలకుండా కూర్చుని మళ్లీ చూడండి, అప్పుడూ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. గాభరాపడి సొంతంగా రెండు మాత్రలు ఎక్కువ వేసుకోకండి, బీపీ ఒక్కసారిగా పడిపోవటం కూడా ప్రమాదమే.

పైన చెప్పినవన్నీ సరిచూసుకున్నాక కూడా వారం సగటు ఎక్కువే ఉంటే, అప్పుడు డోసు పెంచమని మీరే అడగండి. చాలామందికి రెండు మందులు కావాల్సే వస్తాయి, అందులో మన తప్పేం లేదు. "ఇంకో నెల చూద్దాం" అని ఏడాది గడిపేసే డాక్టర్లూ ఉంటారు, మనమూ ఉంటాం. మూత్రం మాత్రతో కలిపి మూడు మందులు సరైన డోసులో రోజూ వేసుకుంటున్నా దిగకపోతే, కిడ్నీలు, కిడ్నీకి వెళ్లే రక్తనాళాలు, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథి విడుదల చేసే ఆల్డోస్టెరోన్ అనే హార్మోను, ఇవన్నీ చూడాల్సిన దశ అది. పరీక్షలేమైనా కావాలా అని అడగటానికి మొహమాటపడకండి.

వెళ్లేటప్పుడు ఏడు రోజుల అంకెలు రాసిన కాగితం, ఇంట్లో దొరికిన మాత్రలన్నీ ఒక సంచిలో. మా అంకెలు తెలుగు క్యాలెండరు వెనకాల, పాల లెక్క పక్కనే ఉంటాయి, ఆ కాగితం చింపి పట్టుకెళ్తాం. పోయిన నెల బయల్దేరబోతుంటే అత్తయ్యగారు వంటింట్లోకి వెళ్లొచ్చి, నేనడక్కుండానే సంచిలో ఒక జలుబు మాత్రల స్ట్రిప్పు పడేశారు.